లంగరు దించే చోటు

మా పామిడి మీదుగా పెన్నేరు పోతుంది. పోతుందని అనడం మా అలవాటు. నిజానికి సంవత్సరంలో ఎక్కువ నెలలు అక్కడ పోయేది ఇసుక మీద గాలి మాత్రమే. హైదరాబాదు నుంచి బెంగుళూరు వెళ్ళే రహదారి మీద, గుత్తి దాటి అనంతపురం వైపు వచ్చేవారికి మా వంతెన తగులుతుంది. వంతెన ఉన్నది గనుక కింద ఏరు ఉన్నదని గ్రహించవలసిందే. మా ఊరు బట్టల వ్యాపారానికి పేరు పడింది, భోగేశ్వరస్వామి గుడికి పేరు పడింది. పడవకు మాత్రం ఎన్నడూ పేరు పడలేదు. ఏడాది మొత్తానికి మా జిల్లాలో సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. దేశంలో బాగా ఎండిన జిల్లాల్లో మాదీ ఒకటి. ఇట్లాంటి ఊరివాడికి సముద్రం గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. మా ఇంట్లోనూ అడిగారు.

కారణం శ్రీనాథుడు. ఆయన "హరవిలాసం" అంకితం పుచ్చుకొన్న అవచి తిప్పయ్యసెట్టి ఓడవర్తకుడు. సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి నుంచి గుర్రాలు తెప్పించి రెడ్డిరాజులకు ఒప్పజెప్పిన ఘనుడు. హురుమంజి అంటే పారశీక సముద్రపు ముఖద్వారాన ఉన్న ఆర్ముజు. ఈ సంగతులన్నీ క్లాసులో చెబుతూ ఉండగా వెనక బెంచీలో ఒక కుర్రవాడు లేచి, "సార్, రాత్రయితే ఓడ ఎక్కడ నిలబడుతుంది సార్?" అన్నాడు. రేవులో అన్నాను. "రేవు లేనిచోట రాత్రయితే?" అన్నాడు. తక్కినవాళ్ళు నవ్వారు గాని, బండి తోలే ఇంటి పిల్లవాడు అడగవలసిన ప్రశ్నే అది. ఎద్దులు అలిసిపోతే బండి ఎక్కడైనా ఆగుతుంది. ఓడ ఆగాలంటే నేల కావాలి, కాని మరీ దగ్గర కాకూడదు. గాలి కావాలి, కాని మరీ ఎక్కువ కాకూడదు.

పటం తెచ్చి గోడకు తగిలించాము. ఇచ్ఛాపురం నుంచి తడ వరకు మన తీరం సుమారు వెయ్యి కిలోమీటర్లు. పడమటి తీరాన కొంకణంలో ఏటి నోళ్ళు, కొండ మూపులు, చిన్న చిన్న దీవులు ఉన్నవి. గాలి ముదిరితే పడవవాడు ఏదో ఒక సందులో దూరవచ్చు. మన తీరమో, వడ్రంగి బద్ద పెట్టి గీచినట్లు ఉంటుంది. గోదావరి, కృష్ణ తమ మట్టితో ముందుకు పొడుచుకొని వచ్చిన చోట్లా, ఉత్తరాన విశాఖ దగ్గర కొండలు సముద్రంలోకి కాలు చాచిన చోట్లా తప్పితే వంపు అనేది దాదాపు లేదు. ఇసుక, ఇసుక మీద విరిగే కెరటం, వెనక తాటిచెట్లు, సరుగుడు తోటలు. దాక్కోవడానికి మూల లేని ఇల్లన్నమాట. ఈ ఇంట్లో మన పూర్వులు శతాబ్దాల తరబడి తెరచాపలతో ఎట్లా తిరిగారు? ఎక్కడ లంగరు వేశారు? ఇది చూడడానికి రెండు విడతలుగా సెలవులు ఖర్చుపెట్టాను.

మొదటి విడత సంక్రాంతికి. మా ఏరు చివరికి ఏమవుతుందో చూద్దామని మా ఇంటావిడను కూడా తీసికొని నెల్లూరు వెళ్ళాను. నందికొండల్లో పుట్టిన పెన్న 597 కిలోమీటర్లు నడిచి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. కలిసే చోటును అక్కడివారు మొగ అంటారు. మేము వెళ్ళేసరికి మొగకు అడ్డంగా పెద్ద ఇసుకమేట పడి ఉన్నది. ఏరు దాని వెనక మడుగు కట్టి, ఒక పక్కన సన్నగా తోవ చేసికొని సముద్రంలోకి జారుతున్నది. పామిడిలో మేము చూచే ఇసుకే అది, రంగు కూడా మారలేదు.

వల బాగుచేసుకొంటున్న ముసలాయన ఒకరు మమ్మల్ని చూచి, "ఏ ఊరయ్యా మీది?" అన్నారు. చెప్పాను. ఈ ఏరు మా ఊరి మీదుగానే వస్తుందని కూడా చెప్పాను, కాస్త గొప్పగానే.

"అట్టనా! అయితే ఈ ఇసకంతా మీ ఊళ్ళోదేనన్నమాట. ఎందుకయ్యా మా నెత్తిన పోస్తా ఉండారు?" అని నవ్వారు.

ఆ నవ్వులో ఉన్న సంగతి తరువాత ఆయనే విప్పి చెప్పారు. దూరం నుంచి చూచేవాడికి ఏటి మొగ పడవకు సహజమైన ఆశ్రయంలా కనిపిస్తుంది. కాని గాలిలో చిక్కుకొన్న పడవకు అంతకంటె చెడ్డచోటు లేదట. ఏరు తెచ్చిన ఇసుకను సముద్రం ఊరుకోనివ్వదు. నైరుతి కాలంలో ఉత్తరానికి, ఈశాన్య కాలంలో దక్షిణానికి తోస్తూనే ఉంటుంది. అందువల్ల మొగ నిన్న ఉన్నచోట ఇవాళ ఉండదు. లోతైన నీళ్ళలో బుద్ధిగా నడిచి వచ్చిన కెరటం మేట దగ్గర అడుగు తగలగానే లేచి విరుగుతుంది. ఆ విరిగే చోట పడవ అడ్డం తిరిగిందా, బోర్లా పడుతుంది. తెలిసినవాడు పోటు కోసం బయటే కాచుకొని, కెరటాలు లెక్కపెట్టి, తెరిపి చూచి దూరుతాడు. తెలియనివాడు దీపం కనిపించింది గదా అని చీకట్లో దూరుతాడు.

"మరి తుఫాను వస్తుందంటే ఏం చేస్తారు?" అని మా ఆవిడ అడిగింది.

"ఏం చేసేది తల్లీ, పడవల్ని మెరకకు లాగి కట్టేసేదే. మీ ఊళ్ళో ఏం చేస్తారు?"

మా ఆవిడ ఏమీ అనలేదు. బంగాళాఖాతంలో వాయుగుండమని రేడియోలో వింటే మా పామిడిలో బుడ్డల చేనున్న ప్రతివాడూ ఆకాశం వైపు ఆశగా చూస్తాడు. అది ఒడ్డెక్కి లోపలికి వస్తేనే మా చెరువుల్లోకి నాలుగు చుక్కలు. అదే వార్తకు రేవుల్లో ప్రమాద సూచిక ఎగరేస్తారు. ఒకటో నంబరు నుంచి పదకొండో నంబరు వరకు ఉన్నవి ఆ సూచికలు. మేము రమ్మని మొక్కుకొనేదాన్ని వీరు పొమ్మని మొక్కుకొంటారు. ఒకే దేవుడికే కాబోలు.

నెల్లూరు నుంచి దక్షిణంగా పులికాటు సరస్సు పక్కన దుగరాజపట్నం కూడా చూచాము. ఇవాళ అదొక చిన్న ఊరు. 1626 లో ఇంగ్లీషువారు మచిలీపట్నం నుంచి వచ్చి ఇక్కడ కోట కట్టుకొన్నారు, ఆర్మగాన్ అని పేరు పెట్టుకొన్నారు. ఇక్కడికే ఎందుకు వచ్చారంటే, ఒడ్డుకు కొంత దూరాన సముద్రంలో మునిగి ఉన్న పొడుగాటి ఇసుకతిన్నె ఒకటి ఉన్నది. బయటి కెరటం దాని మీద విరిగి లోపలికి నీరసంగా వస్తుంది. కంటికి కనిపించని గోడ అది. తెరచాప ఓడలకు ఆ గోడకూ ఒడ్డుకూ నడుమ కొంత నెమ్మది దొరికేది. ఇంత సదుపాయాన్ని వదిలి, అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639 లో ఇంకా దక్షిణాన ఏ అడ్డూ లేని బోసి ఇసుక ఒడ్డును ఎంచుకొన్నాడు. అదే చెన్నపట్నం. లంగరుకు అనువు చూచి కాదు, బట్ట చౌకగా దొరుకుతుందని, నాయకరాజులు స్థలం ఇస్తామన్నారని. ఆ తరువాత రెండు శతాబ్దాలకు పైగా అక్కడ ఓడలు దూరాన ఆగడం, మనుషులూ సరుకులూ మసులా పడవల్లో కెరటాల మీద ఎగిరెగిరి పడుతూ ఒడ్డు చేరడం జరిగింది. మసులా పడవకు మేకు ఉండదు. పలకలను కొబ్బరితాడుతో కుట్టేస్తారు. కెరటం కొట్టినప్పుడు వంగుతుంది గాని పగలదు.

రెండో విడత శివరాత్రి సెలవులకు. ఈసారి ఒక్కడినే బయలుదేరి విశాఖపట్నం చేరాను. నాతోపాటు చదువుకొని నౌకాదళంలో చేరి, పదవీ విరమణ చేసిన మిత్రుడొకడు అక్కడ ఉన్నాడు. అతనికి ముప్పై అడుగుల తెరచాప పడవ ఉన్నది. కుర్రవాడి ప్రశ్న చెప్పగానే, "ఇది కుర్చీలో కూర్చుని చెప్పే సంగతి కాదోయ్, పద," అన్నాడు.

విశాఖ రేవుకు డాల్ఫిన్ నోస్ కొండే కాపలా. మన తీరంలో నైరుతి గాలిని ఆపేంత కొండ సముద్రంలోకి వచ్చి నిలబడిన చోట్లు బహు తక్కువ. అయినా ప్రకృతి ఇచ్చినది చాలలేదు. దక్షిణం నుంచి సముద్రం తోసుకొచ్చే ఇసుక రేవు నోరు మూసేస్తుంటే, రెండు పాత ఓడల్ని నోటి దగ్గర ముంచి అడ్డుకట్టగా చేశారు. 1933 అక్టోబరులో జలదుర్గ అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది. ఇసుకను తోడడం ఆనాటి నుంచి ఈనాటి వరకు ఆగలేదు.

అనుమతులన్నీ చూచుకొని ఉదయమే బయలుదేరాము. గాలి వెనక నుంచి, నైరుతి నుంచి వీస్తున్నది. తెరచాప ఎత్తి ఇంజను ఆపేసరికి వచ్చిన నిశ్శబ్దం మాత్రం నేను వర్ణించలేను. ఎడమ పక్కన ఊరు, కొండలు, రుషికొండ నెమ్మదిగా వెనక్కి పోతున్నవి. దారిలో మిత్రుడు తారిణి కథ చెప్పాడు. 2017 సెప్టెంబరు 10 న గోవాలో బయలుదేరి 2018 మే 21 న తిరిగి వచ్చిన మన నౌకాదళపు తెరచాప పడవ అది. ఆరుగురూ ఆడపిల్లలే. అందులో విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాదు అమ్మాయి బి. ఐశ్వర్య మనవాళ్ళు. భూగోళమంతా చుట్టి వారు ఆగింది అయిదే అయిదు చోట్ల. ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజీలాండులో లిటిల్‌టన్, ఫాక్‌లాండు దీవుల్లో పోర్ట్ స్టాన్లీ, ఆఫ్రికా కొసన కేప్‌టౌన్, చుక్కాని చెడి తప్పనిసరిగా మారిషస్. "నడిసముద్రంలో భయం తక్కువోయ్," అన్నాడు. "భయమంతా నేల కనిపించినప్పుడే."

సాయంకాలానికి భీమునిపట్నం చేరాము. ఒకప్పుడు డచ్చివారి వర్తకస్థానం. వారి సమాధులు ఇంకా ఉన్నవి. ఓడలు బయట నిలబడితే పడవల మీద సరుకు చేరవేసిన రేవు. పొద్దు ఉండగానే చేరాలని మిత్రుడు తొందరపడ్డాడు. నీళ్ళ రంగు చూచి లోతు పోల్చుకోవాలంటే వెలుతురు ఉండాలి. తెరచాప దించి, పడవను నడిచీ నడవనట్లు ఉంచి, తాడుకు కట్టిన సీసపు గుండును నీళ్ళలోకి వదిలాడు. లోతు కొలిచే యంత్రం పడవలో ఉన్నది. అయినా గుండు వేశాడు. "యంత్రం ఎంత లోతో చెబుతుంది, అడుగున ఏమున్నదో సరిగ్గా చెప్పదు," అన్నాడు. గుండు కింది గుంటలో గ్రీజు పూసి ఉన్నది. అడుగున ఉన్నదేదో దానికి అంటుకొని పైకి వస్తుంది. మూడు బారల లోతు. మొదటిసారి ఒట్టి ఇసుక వచ్చింది. అతనికి నచ్చలేదు. రెండు ఫర్లాంగులు జరిగి మళ్ళీ వేశాడు. ఈసారి బూడిదరంగు బురద, కొద్దిగా ఇసుక. వేళ్ళతో నలిపి చూచాడు, మా రైతులు దుక్కిమట్టిని నలిపి చూచినట్లు. అక్కడ లంగరు దించాడు.

లంగరు బరువు పడవను ఆపుతుందని అనుకొంటాము గాని, ఆపేది దాని కొక్కెం నేలలో దిగడం. తాడు నిటారుగా ఉంటే కొక్కెం పైకి ఊడివస్తుంది, ఏటవాలుగా పడుకొని ఉంటే లోపలికి దిగుతుంది. అందుకని లోతుకు ఆరేడు రెట్ల తాడు వదులుతారు. అంత తాడు వదిలితే పడవ గాలిని బట్టి గుండ్రంగా తిరుగుతుంది. ఆ చుట్టులో రాయి గాని, మరో పడవ గాని ఉండకూడదు. ఇదంతా చూచుకొన్నాక అతను ఒడ్డున దీపస్తంభాన్నీ, దాని వెనక ఉన్న ఒక ఇంటి కొసనూ వరసలో పెట్టి చూచి గుర్తు పెట్టుకొన్నాడు. అరగంట తరువాత మళ్ళీ చూచాడు. ఎందుకని అడిగాను.

"లంగరు జారేటప్పుడు చప్పుడు చేయదు," అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గాలిని కొండ కొంత ఆపినా, సముద్రపు ఊపు మాత్రం ఒడ్డు చుట్టి వచ్చి పడవను ఉయ్యాల ఊపింది. అర్ధరాత్రి దాటాక అతను చటాకున లేచి కూర్చున్నాడు. ఏమని అడిగితే గాలి నేల మీద నుంచి తిరిగిందట, గొలుసు చప్పుడు మారిందట. పైకి వెళ్ళి చూచి వచ్చి మళ్ళీ పడుకొన్నాడు. "ఇది రేవు కాదోయ్, మజిలీ. నాలుగు నెలలు పనికి వస్తుంది. అక్టోబరులో ఇక్కడ లంగరు వేసినవాడికి బుద్ధి లేదన్నమాట." మరి అక్టోబరులో ఎక్కడ? "ఎక్కడా కాదు. తుఫాను వస్తుందంటే ఓడలు రేవు వదిలి సముద్రంలోకి పోతాయి. నేలకు ఎంత దూరమైతే అంత క్షేమం." ఇల్లు తగలబడుతుంటే ఇంట్లోంచి బయటికి పరుగెత్తినట్లు. నాకిది కొత్తగా తోచింది గాని, విశాఖవారికి కొత్త కాదు. 2020 అక్టోబరులో వాయుగుండం గాలికి ఎం.వి. మా అనే బంగ్లాదేశ్ ఓడ లంగరు నిలవక కొట్టుకొని వచ్చి తెన్నేటి పార్కు కింద రాళ్ళమీద కూర్చున్నది. ఊరంతా వెళ్ళి ఫొటోలు తీసికొన్నారు. అందులోని వారందరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ సంగతి ఇంకోసారి ఎత్తుతాను, గుర్తుంచుకోండి.

భీమిలి నుంచి నేను బస్సులో వెనక్కి వచ్చి కాకినాడ రైలు ఎక్కాను. మన తీరంలో తెరచాప ఓడలకు నిజమైన ఇల్లు ఏదంటే కోరంగి. కాకినాడకు దక్షిణంగా గోదావరి పాయ ఒడ్డున, యానాం దారిలో ఉన్నది. ఓడలు లోపలికి వచ్చి, బురదలో ఒరిగి, అడుగుభాగం బాగుచేయించుకొని వెళ్ళడానికి వీలైన చోటు. అక్కడే కొత్త ఓడలూ కట్టేవారు. తాళ్ళరేవులో కొయ్య ఓడలు కట్టే పనివాళ్ళ వంశాలది ఆ విద్యే. ఇక్కడి నుంచి ఎంతమంది రంగూనుకు ఓడ ఎక్కారంటే, బర్మావారు తెలుగువాడన్న ప్రతివాడినీ కోరంగీ అనే పిలిచేవారు. ఒక రేవు పేరు ఒక జాతి పేరైపోయింది.

ఆ రేవును 1789 డిసెంబరులో సముద్రం మింగింది. మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చినవని వ్రాశారు. మొదటిది ఊళ్ళోకి ఓడల్ని మోసుకొని వచ్చింది, తక్కినవి మిగిలినదాన్ని ఊడ్చుకొని పోయినవి. ఇరవైవేల మంది పోయారని లెక్క చెప్పారు. మళ్ళీ ఊరు కట్టుకొన్నారు. 1839 నవంబరులో మళ్ళీ ఉప్పెన. కలకత్తాలో హెన్రీ పిడ్డింగ్‌టన్ అనే ఒక మాజీ ఓడ కప్తాను ఇట్లాంటి గాలివానల వివరాలన్నీ పోగుచేసి, గాలి తిన్నగా వీచదు, పాము చుట్ట చుట్టినట్లు తిరుగుతుందని చెప్పి, గ్రీకు మాటలోంచి సైక్లోన్ అనే పేరు తయారుచేశాడు. నావికుల కోసం 1848 లో వెలువడిన ఆయన పుస్తకంతో ఆ మాట లోకమంతటికీ వెళ్ళింది. అది పుట్టడానికి కారణమైన ఉదాహరణల్లో మన కోరంగి ఒకటి.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. కోరంగిని పూడ్చినది గోదావరి ఒండ్రు. కాకినాడకు రేవు కట్టిపెట్టినదీ ఆ ఒండ్రే. గోదావరి తెచ్చిన ఇసుకను సముద్రం ఉత్తరానికి లాగి లాగి, గత రెండు వందల ఏళ్ళలో సుమారు పదహారు కిలోమీటర్ల పొడుగున ఒక నాలుకలా సాగదీసింది. దానికే హోప్ ఐలండ్ అని పేరు. ఆశాద్వీపమన్నమాట. బయట సముద్రం ఎంత ఉరిమినా లోపల కాకినాడ అఖాతం పళ్ళెంలో నీళ్ళలా ఉంటుంది. మత్స్యకారుల పడవలో ఆ నాలుక వెనకకు వెళ్ళాను. ఒక పక్క మడ అడవి, ఒక పక్క దీపస్తంభం, నడుమ నీటి మీద ముడత లేదు. పడవ నడిపే అతను తెడ్డు నీళ్ళలో గుచ్చి చూపించాడు. "ఇదంతా బురదేనండి మేష్టారూ. ఇక్కడ లంగరేస్తే తియ్యడానికే కష్టమండి." భీమిలి రాత్రి తరువాత ఆ మాట నాకు అమృతంలా తోచింది. మా పామిడి ఇసుక ఒక మొగను మూస్తుంటే గోదావరి ఇసుక ఒక రేవును కాపాడుతున్నది. ఇసుకకు పక్షపాతం లేదు, పడిన చోటును బట్టి దాని గుణం.

మచిలీపట్నం గురించి ఎక్కువ చెప్పను. పేరుకు మహారేవు. డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు అందరూ తొక్కిన గడప. కాని మట్టం తక్కువ కావడం వల్ల పెద్ద ఓడలు అయిదు మైళ్ళ దూరాన ఆగవలసి వచ్చేది. మెత్తని బురద అడుగు లంగరును గట్టిగా పట్టుకొంటుంది. కాని 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు ముప్పైవేల మంది పోయారు. లంగరు ఎంత గట్టిగా పట్టినా, సముద్రమే ఊళ్ళోకి నడిచి వచ్చినప్పుడు ఏం చేస్తుంది? మంగినపూడి దగ్గర కొత్త రేవు పని 2023 లో మొదలుపెట్టారు. అడ్డుగోడలు చూచాను.

సముద్రం ఇట్లాంటిదని తెలిసి, ఒడ్డు వెనకే ఇంకో దారి చేసికొన్నారు మనవాళ్ళు. కాకినాడలో పడవ ఎక్కితే, గోదావరి కాలువలు, కృష్ణ కాలువలు దాటి, కొమ్మమూరు కాలువలో పెదగంజాం వచ్చి, అక్కడి నుంచి బకింగ్‌హాం కాలువలో చెన్నపట్నం వరకు కెరటం మొహం చూడకుండా వెళ్ళే వీలు ఒకప్పుడు ఉండేది. ధాన్యం, ఉప్పు, కట్టెలు, పెళ్ళివారు, అందరూ ఆ దారినే వెళ్ళారు. చెన్నపట్నంలో కూవం నదినీ అడయారునీ కలిపే భాగాన్ని కరువు పనికింద తవ్వించారు. ఆ కరువే, మా సీమలో పెద్దలు ధాతు కరువని చెప్పుకొనేది, 1876 లో మొదలైనది. నీళ్ళు లేక ఊళ్ళు విడిచినవారు పడవల కోసం కాలువ తవ్వారు. ఇవాళ ఆ కాలువ చాలాచోట్ల గుర్రపుడెక్క తీగ కింద మునిగి ఉన్నది.

పెదగంజాం దగ్గరే, చినగంజాం మండలంలో, మోటుపల్లి. నా ప్రయాణమంతా ఈ ఊరికోసమేనని చెప్పినా తప్పులేదు. ఇక్కడ కొండ లేదు, ఇసుక నాలుక లేదు, చాటు అనేది ఏదీ లేదు. నా మిత్రుడు చూచి ఉంటే ఇక్కడ లంగరు వేయడానికి ఒప్పుకొనేవాడు కాదు. అయినా కాకతీయుల కాలంలో తూర్పుతీరాన ఇంత పేరున్న రేవు మనకు మరొకటి లేదు. వెనిసు వర్తకుడు మార్కోపోలో ముత్ఫిలి అని వ్రాసుకొన్నది దీన్నే.

ఎందుకు వచ్చేవారు ఓడలవారు? జవాబు వీరభద్రస్వామి గుడి దగ్గర రాతిస్తంభం మీద ఉన్నది. శకసంవత్సరం 1166, అంటే 1244 ప్రాంతంలో, గణపతిదేవ చక్రవర్తి ఇచ్చిన అభయశాసనం. అంతకు ముందు రాజుల ఆచారం ఏమిటో అందులో దాచకుండా చెప్పారు. ఒక దేశం నుంచి ఇంకొక దేశానికి వెళ్ళే ఓడ గాలివానకు దారితప్పి, పగిలి, ఒడ్డున పడితే, అందులో ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సమస్తమూ రాజు లాగుకొనేవాడు. సముద్రం వదిలినదాన్ని రాజు పట్టుకొనేవాడన్నమాట. గణపతిదేవుడు ఆ పని మానేశాడు. ప్రాణానికి తెగించి సముద్రం దాటి వచ్చేవారి మీద దయచేతా, కీర్తికోసమూ, ధర్మంకోసమూ, నిర్ణయమైన సుంకం తప్ప మరేమీ తీసికోనని రాయించాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయ్యవ వంతు. ఆపైన గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టునూలు, మిరియాలు, వక్కలు, వీటి మీద ఎంతెంతో వేరే లెక్క. మాట ఇచ్చి ఊరుకోలేదు, ధరల పట్టీ కూడా తగిలించాడు. నాకు అందులో నచ్చినది అదే. దయ అన్న మాటకు పక్కన అంకె ఉన్నది.

ఊరికి దేశియుయ్యక్కొండపట్టణమని మరో పేరు కూడా ఉండేది. ఉయ్య అనేది అరవమాట, బ్రతకడం, గట్టెక్కడం అని అర్థం. దేశి వర్తకులు గట్టెక్కిన పట్టణం. తెలుగు దేశపు రేవుకు అరవపేరు పెట్టుకోవడంలో ఎవరికీ కష్టం తోచలేదు కాబోలు ఆ రోజుల్లో. వచ్చేవాళ్ళకు అర్థమయ్యే భాషలోనే బోర్డు ఉండాలి గదా.

విశాఖలో రాళ్ళమీద కూర్చున్న ఆ బంగ్లాదేశ్ ఓడ సంగతి గుర్తుంచుకోమన్నాను. ఓడలోనివారిని దోచుకోవాలని ఎవరికీ తోచలేదు. అది సహజమని అనుకొంటాము. 1244 కు ముందు అది సహజం కాదు. ఆ తరువాత కూడా పూర్తిగా సహజం కాలేదు. కాకతీయ రాజ్యం పడిపోయిన తరువాత మోటుపల్లి పాడుపడింది. 1358 లో కొండవీటి అనపోతారెడ్డి మళ్ళీ శాసనం వేయించి, వర్తకులారా భయం లేదు రండి అని చెప్పవలసి వచ్చింది. నూట పద్నాలుగు ఏళ్ళకు అదే మాట ఇంకోసారి. కొండ అయితే ఒకసారి నిలబడితే చాలు, మనిషి ఇచ్చే చాటును ప్రతి తరమూ మళ్ళీ కట్టుకోవాలి. తిప్పయ్యసెట్టి ఓడలు తిరిగిన రోజులు ఆ రెండో శాసనం తరువాతివే.

స్తంభం మీద అక్షరాలు మా వంటివారికి కూడా కూడబలుక్కొంటే గాని అందవు. గుడి నుంచి సముద్రానికి నడిచి వెళ్ళాను. ఫైబరు పడవలు నాలుగైదు ఇసుక మీదకు లాగి ఉన్నవి, ఇంజన్లు విప్పి ఇళ్ళకు తీసికొని పోయారు. తెరచాప ఒక్కటీ లేదు. చూడదలచినవారు విజయవాడ, చెన్నై రైలుమార్గంలో చినగంజాం స్టేషనులో దిగితే, అక్కడి నుంచి ఆటోలు దొరుకుతవి. ఎండ వేళ అయితే నీళ్ళు వెంట తీసికొని వెళ్ళండి. అనంతపురం వారికి ఆ మాట చెప్పనక్కరలేదు.